పిండివంటల యూనిట్‌లో అలర్జీ లేబుల్: అందరికీ ఫోన్‌లోనే నేర్పే పాఠం ఎలా తయారుచేయాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నలుగురైదుగురు కలిసి సకినాలు, మురుకులు, పల్లీపట్టి, కారప్పొడులు, పచ్చళ్లు చేసి అమ్మే యూనిట్లలో లేబుల్ పని సాధారణంగా ఒక్కరి చేతిలోనే ఉంటుంది. స్టిక్కర్ డిజైన్ టౌన్‌లో ప్రింటింగ్ షాపు వాళ్లు చేస్తారు. వాళ్ల దగ్గర అంతకుముందు చేసిన ఇంకెవరిదో స్టిక్కర్ ఫైలు ఉంటుంది. పేరు, ఫొటో మార్చి మిగతా అక్షరాలు అలాగే వదిలేస్తారు. పల్లీ గింజ కూడా పడని పొడి మీద పల్లీలున్నాయని అచ్చయి రావడం, పల్లీలు దంచి కలిపిన సర్వపిండి మిక్స్ మీద ఏమీ లేకపోవడం ఇలాగే జరుగుతుంది.

ప్రింటింగ్ తప్పు కనీసం కంటికి కనబడుతుంది. కనబడని తప్పులు పొయ్యి దగ్గర పుడతాయి. ఇంగువ డబ్బా అయిపోయిందని పక్క కొట్టు నుంచి వేరే కంపెనీది తెస్తారు. పల్లీలు వేయించిన నూనె పారబోయడం ఎందుకని అందులోనే మురుకులు వేస్తారు. స్టిక్కర్ పాతదే, లోపలి సరుకు కొత్తది. అందుకని ఈ పాఠం సరుకులు తెచ్చేవాళ్లు, పిండి కలిపేవాళ్లు, ప్యాక్ చేసేవాళ్లు, ఆర్డర్ల ఫోన్ ఎత్తేవాళ్లు, అందరికీ వెళ్లాలి. అది కూడా మీ యూనిట్ సరుకుల ఫొటోలతోనే ఉండాలి.

మన దేశంలో ఆహార భద్రత నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ. వాళ్ల ఫాస్టాక్ శిక్షణ శుభ్రత, నిల్వ, లేబుల్ వంటి వాటన్నిటికీ మంచి పునాది. బ్రిటన్‌లో ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ అలర్జీల మీద ఉచిత ఆన్‌లైన్ శిక్షణ పెట్టింది. ప్రశ్న, జవాబు, వెంటనే వివరణ అనే పద్ధతి తెలుసుకోవడానికి దాన్ని ఒకసారి చూడొచ్చు. అయితే మీ షెల్ఫ్ మీదున్న ఇంగువ డబ్బాలో ఏముందో ఈ రెండూ చెప్పవు. ఆ పని మీదే.

కావలసినవి ఒక కంప్యూటర్, ఒక జీమెయిల్ ఖాతా, ఫొటోలు తీయడానికి ఒక ఫోన్. గూగుల్ ఫారమ్స్‌లో పాఠం కడతాం, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఫారమ్స్‌కు ఫోన్ యాప్ లేదు. ఫోన్ బ్రౌజర్‌లో కూడా తయారుచేయొచ్చు గానీ సెక్షన్లు ఒకదానికొకటి కలిపేటప్పుడు విసుగొచ్చి వదిలేస్తారు. తయారీ కంప్యూటర్ మీద పెట్టుకోండి, నింపడానికి ఫోన్ చాలు.

ముందుగా, చట్టం ఏమంటుందో

ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనల ప్రకారం 8 రకాలను స్టిక్కర్ మీద 'కంటెయిన్స్' (ఇందులో ఉంది) అనే మాటతో విడిగా చూపాలి. గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉండే ధాన్యాలు (గోధుమ, బార్లీ, ఓట్స్, రై వంటివి); రొయ్యలు, పీతల జాతి; పాలు; గుడ్డు; చేప; పల్లీలతో పాటు జీడిపప్పు, బాదం, పిస్తా వంటి గింజలు; సోయా; కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్న సల్ఫైట్ (నిల్వకు, రంగు నిలవడానికి వేసే రసాయనం). వీటితో తయారైనవి కూడా లెక్కలోకే వస్తాయి. నెయ్యి, పెరుగు పాల కింద, మైదా గోధుమ కింద. ఈ సరుకుల నుంచి తీసిన నూనెలకు మినహాయింపు ఉంది, పొలం నుంచి వచ్చిన ముడి పంటకూ ఉంది.

నువ్వులు, ఆవాలు ఈ 8లో లేవు. అమెరికా మాత్రం 2023 జనవరి 1 నుంచి నువ్వులను తప్పనిసరి జాబితాలో పెట్టింది. యూరప్, బ్రిటన్ జాబితాల్లో 14 రకాలున్నాయి, అందులో నువ్వులు, ఆవాలు రెండూ ఉన్నాయి. అమెరికాలో ఉన్న కొడుక్కి పంపే ఆవకాయ డబ్బా సంగతి వేరు. అక్కడి దుకాణంలో అమ్మకానికి పంపే సరుకైతే సకినాల్లో నువ్వులు, ఆవకాయలో ఆవపిండి పెద్ద విషయాలే. పాఠంలో ఈ రెండింటినీ 9, 10గా చేర్చేయండి. ఇక్కడి చట్టం అడగకపోయినా నష్టమేమీ లేదు.

1. ప్యాకెట్లన్నీ వెనక్కి తిప్పండి

స్టోర్‌లోని ప్రతి సరుకుకూ మూడు ఫొటోలు తీయండి. ముందు వైపు ఒకటి, వెనక పదార్థాల జాబితా ఒకటి, బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న చోటు ఒకటి. జాబితా ఫొటో వెలుతురులో, మెరుపు పడకుండా, అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. రేపు ప్రశ్నల్లో వాడబోయేది ఆ ఫొటోనే. విడిగా తూచి తెచ్చిన సరుకైతే కొట్టులో ఉన్న అసలు బస్తా మీది అక్షరాలను ఫొటో తీసుకోండి. బస్తా కూడా చూపలేని కొట్టు నుంచి పొడులు తేవడం మానేయడమే మంచిది. గింజ అయితే కంటితో చూస్తాం, పొడిలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు?

మన వంటల్లో దొంగచాటుగా దూరేవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఇంగువ. బజారులో దొరికేది చాలావరకు కలిపిన ఇంగువ. అసలు ఇంగువ జిగురుకు తుమ్మ బంక, పిండి కలిపి చేస్తారు. ఆ పిండి చాలా కంపెనీల్లో గోధుమ పిండో మైదానో ఉంటుంది, కొన్నిట్లో బియ్యప్పిండి. బియ్యప్పిండితో చేసిన చెక్కలు, మామిడికాయ తొక్కు, సాంబారు పొడి, పులిహోర పేస్టు, వీటిలో దేనికీ గోధుమతో సంబంధం లేదనుకుంటాం. కానీ ఒక్క చిటికెడు ఇంగువతో అన్నీ గోధుమ ఉన్న సరుకులైపోతాయి. దీనికి తేలికైన మందు బియ్యప్పిండితో కలిపిన ఇంగువకు మారడం. కిలో సరుకుకు పడేది కొద్ది గ్రాములే కాబట్టి ధరలో తేడా పెద్దగా తెలియదు. మారిన తర్వాత అందరూ అదే కంపెనీది తేవాలి, అక్కడే అసలు కష్టం.

రవ్వలు రెండో చోటు. బొంబాయి రవ్వ గోధుమ, ఇడ్లీ రవ్వ బియ్యం. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండింటినీ డబ్బాలో పోసి మీద 'రవ్వ' అని రాసేస్తారు. చల్ల మిరపకాయల్లో పాలు ఉన్నట్టే లెక్క, ఎండిపోయినంత మాత్రాన మజ్జిగ పోదు. సోయా సాస్‌లో సోయాతో పాటు తరచుగా గోధుమ కూడా ఉంటుంది. చాక్లెట్, బిస్కెట్ పొడి వాడే లడ్డుల్లో 322 అనే నంబరు కోసం వెతకండి. అది లెసిథిన్, ఎక్కువగా సోయా నుంచే తీస్తారు.

సల్ఫైట్ పేరుతో అరుదుగా కనబడుతుంది, నంబరుతో కనబడుతుంది. 220 నుంచి 228 వరకు ఏది కనిపించినా అది సల్ఫైట్ కుటుంబమే. పచ్చళ్లవాళ్లు, జామ్ చేసేవాళ్లు కేఎంఎస్ (పొటాషియం మెటాబైసల్ఫైట్) అని పిలిచేది 224. పసుపు రంగులో మెరిసే కిస్‌మిస్, ఎండు ఆప్రికాట్ల రంగు నిలబడటానికి కూడా ఈ సల్ఫైట్ కుటుంబాన్నే వాడతారు. బెల్లం రంగు తేలడానికి వేసే హైడ్రోస్ కూడా సల్ఫర్ డయాక్సైడ్‌ను మిగులుస్తుంది. మరీ తెల్లగా పసుపుగా ఉన్న బెల్లాన్ని అనుమానించాల్సిందే. లెక్క ఇలా వేయండి. కిలో కిస్‌మిస్‌లో 500 మిల్లీగ్రాముల సల్ఫైట్ ఉందని సరఫరాదారు కాగితం చెప్తోందనుకుందాం. కిలో బూందీ లడ్డులో 50 గ్రాముల కిస్‌మిస్ వేస్తే 25 మిల్లీగ్రాములు వచ్చి చేరినట్టే. 10 దాటింది కాబట్టి స్టిక్కర్ మీద రాయాలి.

గానుగ పల్లీ నూనె గురించి ఒక మాట. నూనెలకు మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ అలర్జీ తెచ్చేది గింజలోని ప్రొటీన్, రిఫైన్ చేసినప్పుడు అది దాదాపు పోతుంది, గానుగలో తీసిన నూనెలో కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి గానుగ పల్లీ నూనెతో చేసిన సరుకు మీద పల్లీ అని రాయడమే మా సలహా, చట్టం వదిలేసినా సరే.

2. పట్టిక వేయండి

గూగుల్ షీట్‌లో అడ్డంగా 8 రకాలు, ఆ పక్కన నువ్వులు, ఆవాలు. నిలువుగా మీ సరుకులు. గడిలో మూడే గుర్తులు: 'క' అంటే మనమే వేశాం, కంటెయిన్స్. 'మే' అంటే మనం వేయలేదు, తగిలే అవకాశం ఉంది. ఖాళీ అంటే లేదు. ప్రశ్నార్థకం పెట్టకండి. ప్రశ్నార్థకం ఉన్న గడి ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. తెలియకపోతే తెలిసేవరకు ఆ సరుకు ప్యాక్ చేయకూడదు.

చివర మరో నిలువు వరుస కలపండి: ఏ కంపెనీ సరుకు ఆధారంగా ఈ గడి నింపారో. 'చెక్కలు, గోధుమ, క' అని రాస్తే సరిపోదు. ఫలానా కంపెనీ ఇంగువ, ఫలానా నెల ఫొటో అని ఉండాలి. కంపెనీ మారిన రోజు ఏ గడి తిరగేయాలో అప్పుడే తెలుస్తుంది.

3. గిర్నీ, మూకుడు, జల్లెడ

పట్టికలో 'మే' ఎక్కడ పెట్టాలో కాగితం చూసి తేలదు. పని జరిగే చోట నిలబడి చూడాలి.

మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు జొన్న రొట్టెలు ప్యాక్ చేసి అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. జొన్నలో గ్లూటెన్ లేదు. కానీ పిండి ఊరి గిర్నీలో పట్టిస్తారు, అదే గిర్నీలో మీకు ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. ఆ పిండి రాళ్ల మధ్య గాడుల్లో, కింద కట్టిన బట్ట గొట్టం మడతల్లో కూర్చుని ఉంటుంది. గొట్టాన్ని చేత్తో తట్టినా ఇంకా రాలుతూనే ఉంటుంది. కాబట్టి మీ జొన్నపిండిలో మొదట వచ్చే కొన్ని కిలోల్లో గోధుమ కలవడం ఖాయం. ఇలాంటి పిండితో చేసిన రొట్టె మీద గ్లూటెన్ ఫ్రీ అని అస్సలు వేయకండి. ఆ మాట వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెన్ ఉండకూడదు, దాన్ని ల్యాబ్‌లో పరీక్షించి చూపాలి. గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బున్నవాళ్లు ఆ రెండు మాటలు నమ్మే కొంటారు. గ్లూటెన్ ఫ్రీ అని అమ్మాలనుంటే సొంత పల్వరైజర్ (పిండి మర) పెట్టుకుని అందులో గోధుమ ఎప్పుడూ పోయకుండా ఉండటమే దారి. లేదంటే 'మే కంటెయిన్ వీట్' అని నిజాయితీగా రాసి మామూలు రొట్టెగా అమ్మండి.

మూకుడులో నూనె రెండో సమస్య. వేడికి పల్లీ అలర్జీ పోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. పోదు. వేయించిన పల్లీ కూడా అంతే ప్రమాదం. నూనె అడుగున చేరిన మాడిన ముక్కల్లో, నూనెలోనూ ప్రొటీన్ మిగులుతుంది. కాబట్టి ఒకే మూకుడు ఉన్న యూనిట్‌లో వరుస మార్చడమే మార్గం. కొత్త నూనెలో ముందు సకినాలు, మురుకులు, ఆఖరున మిక్చర్ కోసం పల్లీలు. ఆ నూనె మళ్లీ మురుకులకు వాడకూడదు. గంటెలు, జల్లి గంటెలు రెండు జతలు పెట్టి పిడికి రంగు టేపు చుట్టండి. ఎర్ర టేపుది పల్లీలకే.

పొడుల మిక్సీ, పల్వరైజర్ దగ్గర నీళ్లు పోసి కడగడం కుదరదు, తేమ నిలిచి పురుగు పడుతుంది, బూజు వస్తుంది. ముందు గట్టి బ్రష్‌తో రాల్చండి, పొడి గుడ్డతో తుడవండి. ఆ తర్వాత కిలో బియ్యం పోసి ఆడించి ఆ పిండిని పారేయండి. బియ్యం పారేయడానికి మనసొప్పదు, కానీ అది లోపలి గాడులను తుడుచుకుపోతుంది. గాలి గొట్టంతో ఊదడం మాత్రం వద్దు, పల్లీ పొడి గదంతా లేచి పక్క ట్రేలో పడుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకుంటే క్రిములు చస్తాయేమో గానీ పల్లీ ప్రొటీన్ ఎక్కడికీ పోదు. సబ్బు, నీళ్లు తప్పదు.

ఇంత చేశాక కూడా కలిసే అవకాశం నిజంగా ఉంటే 'మే' పెట్టండి. ఎందుకైనా మంచిదని అన్ని సరుకుల మీద 8 రకాలూ 'మే కంటెయిన్' అని అచ్చేసే యూనిట్లు ఉన్నాయి. చేప ముక్క గడప దాటని చోట కారప్పొడి మీద చేప పేరు కనబడితే కొనేవాళ్లు స్టిక్కర్‌ను నమ్మడం మానేస్తారు, నిజంగా ప్రమాదమున్న చోట కూడా. సాగర్ వైపు చేప, రొయ్యల పచ్చళ్లు కూడా పెట్టే యూనిట్లకు సంగతి వేరు. వాళ్లకు ఒకే గంటె, ఒకే జాడీ మూతల సమస్య నిజంగానే ఉంటుంది.

4. స్టిక్కర్ మీద వాక్యం

లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే వేస్తే చెల్లదు. మన దగ్గర కొనేవాళ్లు తెలుగు చదువుతారు కాబట్టి రెండూ వేయండి. పదార్థాల జాబితా ఎక్కువ బరువున్నదాని నుంచి తక్కువదానికి రావాలి. జాబితా కిందనే, విడి గీతలో ఈ వాక్యం. ఇంగువ వేసిన చెక్కలకు ఇలా ఉంటుంది:

కంటెయిన్స్: వీట్. మే కంటెయిన్: పీనట్.
గోధుమ ఉంది. పల్లీలు కలిసి ఉండవచ్చు.

కలిపిన ఇంగువలాంటి మిశ్రమ పదార్థం మొత్తం సరుకులో 5 శాతం కంటే తక్కువైతే అందులోని ఉప పదార్థాలన్నీ రాయనక్కర్లేదన్న సడలింపు నిబంధనల్లో ఉంది. అలర్జీ సరుకును ఆ చాటున దాచకండి. ఇంగువ ఎంత తక్కువైనా వీట్ పేరు 'కంటెయిన్స్' గీతలో ఉండాల్సిందే.

ప్రింటింగ్ షాపుకు వాట్సాప్‌లో నోటితో చెప్పకండి, టైప్ చేసి పంపండి. నమూనా స్టిక్కర్ అసలు సైజులో ఒకటి తీయించి, చేయి చాచి పట్టుకుని చదవండి. బంగారు రంగు మీద తెల్ల అక్షరాలు ఫోన్ తెర మీద బాగుంటాయి, కవరు మీద కనబడవు.

5. ఫారం కట్టడం

ఇప్పటిదాకా చేసిందంతా పాఠానికి ముడిసరుకు. గూగుల్ ఫారమ్స్‌లో కొత్త ఫారం తెరవండి. మెనూ మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. వాటిని ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం.

సెట్టింగ్స్‌లో 'మేక్ దిస్ ఎ క్విజ్' ఆన్ చేయండి. ఈమెయిల్ సేకరణ ఆపేయండి. 'లిమిట్ టు వన్ రెస్పాన్స్' కూడా ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే జీమెయిల్‌తో లాగిన్ అవ్వమంటుంది. సగం మంది పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతారు. ఫొటో అప్‌లోడ్ చేసే ప్రశ్న పెట్టినా ఇదే లాగిన్ గొడవ వస్తుంది. కాబట్టి ఫొటో జవాబులు వాట్సాప్‌కు పంపమనండి.

మొదటి సెక్షన్‌లో పేరు, చేసే పని (సరుకు తేవడం, వంట, ప్యాకింగ్, ఫోన్). తర్వాత ప్రతి ప్రశ్నకు ఒక సెక్షన్, దాని వెంటే దాని వివరణకు ఇంకొక సెక్షన్. ఇలా ఎందుకంటే, క్విజ్‌లో 'యాడ్ ఆన్సర్ ఫీడ్‌బ్యాక్' అని ఒకటి ఉంది గానీ అది ఫారం మొత్తం పంపాకే కనబడుతుంది. అప్పటికి ప్రశ్న ఏమిటో మర్చిపోయి ఉంటారు. తప్పు చేసిన వెంటనే కారణం కనబడితేనే మనసులో పడుతుంది.

ప్రశ్నను 'మల్టిపుల్ చాయిస్' రకంగా పెట్టి, 'రిక్వైర్డ్' ఆన్ చేయండి. కింద మూడు చుక్కలు నొక్కి 'గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్' ఎంచండి. ఇది మల్టిపుల్ చాయిస్‌కు, డ్రాప్‌డౌన్‌కు మాత్రమే వస్తుంది, గడి టిక్కు పెట్టే రకానికి రాదు. సరైన జవాబుకు ఎదురుగా తర్వాతి ప్రశ్న సెక్షన్, తప్పు జవాబులకు ఎదురుగా వివరణ సెక్షన్ పెట్టండి.

వివరణ చదివాక ఎక్కడికి పంపాలన్న దగ్గర చాలామంది పొరపడతారు. మళ్లీ అదే ప్రశ్నకు పంపితే బాగుంటుందనిపిస్తుంది. అలా చేస్తే జవాబు మార్చుకుంటారు, ఫారంలో చివరి జవాబే నమోదవుతుంది, అందరికీ నూటికి నూరు వస్తుంది. ఎవరికి ఏది రాదో మీకు ఎప్పటికీ తెలియదు. వివరణ నుంచి తర్వాతి ప్రశ్నకే పంపండి. తప్పు జవాబు రికార్డులో ఉంటుంది, కారణం వాళ్లకు అందుతుంది.

ఫారంలో ఆడియో పెట్టే వీలు లేదు. ఫొటో పెట్టొచ్చు, యూట్యూబ్ వీడియో పెట్టొచ్చు. చదవడం ఇబ్బందైన వాళ్ల కోసం ప్రశ్నలను వాయిస్ మెసేజ్‌గా, నంబరు చెప్తూ, వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టండి. వీడియో తీస్తే నిమిషం లోపు, ఒక్క విషయమే: గిర్నీ గొట్టం తట్టి చూపడం, లేదా ఇంగువ డబ్బా తిప్పి వేలితో 'వీట్' అక్షరాలు చూపడం. ఇంగ్లిష్ రానివాళ్లకు ఈ పది పదాలను బొమ్మల్లా గుర్తుపట్టడం నేర్పితే చాలు: వీట్, మిల్క్, ఎగ్, ఫిష్, ప్రాన్, పీనట్, నట్స్, సోయ్, సల్ఫైట్, సెసమీ.

6. ప్రశ్నలు రాయడం

8 నుంచి 10 ప్రశ్నలు చాలు. అంతకు మించితే కింది ప్రశ్నలకు చూడకుండా నొక్కేస్తారు. 'ఎఫ్ఎస్ఎస్ఏఐ జాబితాలో ఎన్ని అలర్జీలు?' లాంటి ప్రశ్న పెట్టకండి, ఆ అంకె తెలిస్తే ఎవరి ప్రాణమూ నిలబడదు. మీ షెడ్డులో రోజూ జరిగే సందర్భమే ప్రశ్న కావాలి. తప్పు జవాబులు కూడా మీవాళ్లు నిజంగా అనే మాటలుగా ఉండాలి.

ఇంగువ డబ్బా వెనక ఫొటో పెట్టి అడగండి: ఈ ఇంగువ వేసిన చెక్కల స్టిక్కర్ మీద ఏం ఉండాలి? 'ఏమీ వద్దు, చిటికెడే కదా', 'మే కంటెయిన్ వీట్', 'కంటెయిన్స్ వీట్'. ఎక్కువమంది రెండోది నొక్కుతారు, తక్కువ వేశాం కాబట్టి 'మే' అనుకుంటారు. వివరణలో రాయండి: తెలిసి మన చేత్తో వేసింది ఎంత కొంచెమైనా 'కంటెయిన్స్'. 'మే' అనేది మనం వేయకుండా తగిలేదానికే.

రెండు రవ్వల ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏది గోధుమో అడగండి. గిర్నీ నుంచి తెచ్చిన జొన్నపిండి ప్రశ్న ఒకటి. మీ సొంత స్టిక్కర్‌లోనే ఒక తప్పు చేసి, ఫొటో పెట్టి, ఏది తప్పో కనిపెట్టమనే ప్రశ్న ఒకటి. దాని మీద 'తప్పు నమూనా' అని పెద్దగా రాయండి, లేదంటే ఆ ఫొటో గ్రూపుల్లో తిరిగి ఎవరో నిజమనుకుంటారు.

ఫోన్ ఎత్తేవాళ్ల కోసం తప్పక ఉండాల్సింది ఇది. 'అక్కా, మా బాబుకు పల్లీలు పడవు. మీ మురుకులు పెట్టొచ్చా?' అని ఒకావిడ అడిగింది. జవాబులు:

'ఏం కాదమ్మా, ఒకటి రెండు తింటే ఏమవుతుంది.'
'వాటిలో పల్లీలు వేయలేదు, ధైర్యంగా పెట్టండి.'
'పల్లీలు వేయలేదమ్మా, కానీ ఇక్కడే పల్లీలు కూడా వేయిస్తాం. పడని పిల్లాడికైతే పెట్టకండి.'

రెండోది నొక్కేవాళ్లను తప్పు పట్టలేం, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. వివరణలో ఆ సంగతి గౌరవంగా రాయండి: వేసింది వేరు, తగిలింది వేరు, అమ్మకం పోయినా తగిలే సంగతి కూడా చెప్పాలి. దీని వెంటే ఇంకో ప్రశ్న: మీ సరుకు తిన్నాక పిల్లాడికి పెదాలు వాచాయి, ఊపిరి ఆడటం లేదని ఫోన్ వస్తే మొదట ఏం చెప్పాలి? వెంటనే 108కు ఫోన్ చేయమని. బ్యాచ్ నంబరు, మీది తప్పా మాది తప్పా అన్న మాటలు తర్వాత.

7. పాఠం నడిపే రోజు

లింకును క్యూఆర్ కోడ్‌గా మార్చి ప్రింట్ తీసి ప్యాకింగ్ బల్ల పైన అతికించండి. రేకుల షెడ్డులో సిగ్నల్ అందకపోతే బయట చెట్టు కింద కూర్చోబెట్టండి. ఫొటోలు లోడ్ కాకపోతే ప్రశ్నకు అర్థమే ఉండదు. పాఠం ఇద్దరికి ఒక ఫోన్‌తో చేయొచ్చు, మాట్లాడుకుంటూ చేస్తే ఇంకా మంచిది. కొన్ని రోజుల తర్వాత వివరణ సెక్షన్లు లేని ఐదు ప్రశ్నల చిన్న పరీక్షను ఎవరికి వారు చేయాలి. వాట్సాప్ పోల్‌తో పరీక్ష పెట్టకండి, ఎవరు ఏది నొక్కారో అందరికీ కనబడుతుంది కాబట్టి మొదటివాళ్ల జవాబునే మిగతావాళ్లూ నొక్కుతారు. గుర్తుచేయడానికైతే పోల్ బాగుంటుంది.

'రెస్పాన్సెస్' ట్యాబ్‌లో 'లింక్ టు షీట్స్' నొక్కితే జవాబులన్నీ షీట్‌లో పడతాయి. ఒకే ప్రశ్నను సగానికి పైగా తప్పు చేస్తే ముందు ఆ ప్రశ్నను అనుమానించండి, ఫొటో మసకగా ఉందేమో, మాట తికమకగా ఉందేమో. ప్రశ్న బాగానే ఉంటే అప్పుడు పనిలోకి వెళ్లి చూడండి. రవ్వల ప్రశ్న అందరూ తప్పు చేస్తున్నారంటే స్టోర్‌లో రెండు డబ్బాల మీదా 'రవ్వ' అనే రాసి ఉండొచ్చు.

ఫోన్‌లో పాసైన తర్వాత బల్ల మీద ఐదు ప్యాకెట్లు, ఐదు సరుకుల స్టిక్కర్లు పెట్టి ఏది దేని మీదో అంటించమనండి. ఫోన్‌లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ తడబడటం మామూలే.

8. సరుకు మారినప్పుడు

పాఠానికి ఆయుష్షు మీ సరుకులు మారేవరకే. సరుకు తెచ్చేవాళ్లకు ఒకే నియమం పెట్టండి: కంపెనీ మారినా, అదే కంపెనీ ప్యాకెట్ డిజైన్ మారినా, సరుకు స్టోర్‌లోకి వెళ్లకముందే వెనక వైపు ఫొటో గ్రూపులో పెట్టాలి. పట్టిక చూసుకునేవాళ్లు 'సరే' అన్నాకే సంచి విప్పాలి. కొత్త అలర్జీ సరుకు కనిపిస్తే ఆ ప్యాకెట్ ఫొటోతోనే ఒక్క ప్రశ్న ఫారం అదే సాయంత్రం పంపండి, పెద్ద పాఠం తిరగరాసేదాకా ఆగకండి.

పాత స్టిక్కర్ రోల్ అదే రోజు ముక్కలుగా చింపేయండి. పెన్నుతో దిద్ది వాడుదామని పక్కన పెడితే పండుగ ఆర్డర్ల హడావిడిలో దిద్దకుండానే అంటుకుపోతుంది. అప్పటికే పాత స్టిక్కర్‌తో దుకాణాలకు వెళ్లిన డబ్బాలుంటే బ్యాచ్ నంబరు చూసి వెనక్కి తెప్పించండి. బ్యాచ్ నంబరు రాయని సరుకైతే ఏ డబ్బా ఏ రోజుదో తేలదు, మొత్తం తెప్పించాల్సి వస్తుంది.